ఈ రాత్రి వంతు ఎవరిది? నిద్ర పట్టని ఓ ఇంజినీరు కేసు

ఆవిడ నా దగ్గరకు నిద్రమాత్ర కోసం వచ్చారు. క్లినికల్ సైకాలజిస్టులు మందులు రాయరని చెప్పగానే ముఖం చిన్నబోయింది. "మరి మీరేం జేస్తరు మేడమ్?" అని అడిగారు. ముందు వింటానన్నాను. జూలై మొదటి వారం, శనివారం మధ్యాహ్నం, బయట వాన. ఆ గంటలో ఆవిడ ఫోన్ పదకొండుసార్లు మోగింది. మోగిన ప్రతిసారీ మాట ఆపి, తెర చూసి, ఫోన్ బోర్లా పెట్టి, నా వైపు తిరిగి "చెప్పండి మేడమ్" అనేవారు. చెబుతున్నది తనేనన్న సంగతి అప్పటికే మర్చిపోయేవారు.

ఈ కేసు ఆవిడ అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టేందుకు వీలయ్యే వివరాలు కొన్ని మార్చాను. నిద్రలేమి కేసులు నేను చాలానే చూస్తాను. ఇది మాత్రం నా పద్ధతినే మార్చింది కాబట్టి, ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్నవారికీ, ఇలాంటి ఉద్యోగంలో ఉన్నవారి ఇంట్లోవాళ్లకీ పనికొస్తుందని రాస్తున్నాను.

వచ్చినప్పటి పరిస్థితి

వయసు 36. కూకట్‌పల్లి వైపు అపార్ట్‌మెంటులో భర్త, ఇద్దరు పిల్లలు, అత్తమ్మతో ఉంటారు. పుట్టిల్లు జనగామ దగ్గర పల్లె. అమెరికా క్లయింటుకు పనిచేసే ఒక కంపెనీలో డేటాబేస్ ప్రొడక్షన్ సపోర్ట్ ఉద్యోగం. వారంలో మూడు రోజులు ఇంటి నుంచి పని, రెండు రోజులు ఆఫీసు. స్కూటీ మీద మెట్రో స్టేషన్ దాకా వెళ్లి, అక్కడ బండి పెట్టి రైలెక్కుతారు.

టీమ్‌లో ఆరుగురు ఉన్నప్పుడు ఆరు వారాలకోసారి ఆన్‌కాల్ వచ్చేది. ముగ్గురు మిగిలాక మూడు వారాలకోసారి వస్తోంది. ఆన్‌కాల్ వారం ఏడు రోజులూ, ఏ వేళలోనైనా సర్వర్ మొరాయిస్తే ఫోన్‌లో యాప్ మోగుతుంది. పదిహేను నిమిషాల్లో ల్యాప్‌టాప్ తెరిచి "చూస్తున్నాను" అని నొక్కాలి. లేకపోతే మేనేజరుకు, ఆ పైవాళ్లకు పోతుంది. మనకు అర్ధరాత్రి అయినప్పుడు క్లయింటుకు పట్టపగలు, ఒత్తిడి ఎక్కువుండే వేళ. అందుకే మోత రాత్రుళ్లే ఎక్కువ.

ఏడు నెలలుగా వారంలో నాలుగైదు రాత్రులు నిద్ర పట్టడం లేదు. పట్టినా మూడింటికల్లా మెలకువ. వారంలో మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు దాటితే దీర్ఘకాలిక నిద్రలేమి అంటాం. ఆవిడ ఆ గీత ఎప్పుడో దాటేశారు. నిద్రలేమి తీవ్రతను 28కి లెక్కగట్టే ప్రశ్నావళిలో 20 వచ్చింది. పగటి మగతను కొలిచే ఎప్‌వర్త్ స్కేలులో 24కు 13. అందులో 10 దాటితేనే మేం జాగ్రత్తపడతాం. గురక లేదు. డిప్రెషన్ పరీక్షలో స్కోరు కొంచెం పెరిగి ఉంది గానీ అందులో సగం మార్కులు నిద్ర, అలసట ప్రశ్నలవే.

"రాత్రయితే కాళ్లు గుంజుతయ్" అని మాటల మధ్యలో అన్నారు. ఆ మాట వింటే నేను ఊరుకోను. ఫిజిషియన్ దగ్గరకు పంపితే థైరాయిడ్ బాగానే ఉంది, హీమోగ్లోబిన్ 10.4, ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ బాగా తక్కువ. ఇనుము లోపిస్తే పడుకున్నప్పుడు కాళ్లు లాగడం, కదపకుండా ఉండలేకపోవడం చాలామందిలో కనిపిస్తుంది. ఐరన్ మందులు మొదలయ్యాయి. మన ఆడవాళ్లలో రక్తహీనత ఎంత మామూలో తెలిసి కూడా, నిద్ర పట్టదని వచ్చినవాళ్లకు ఈ పరీక్ష చేయించకుండా నేరుగా "స్ట్రెస్" అని రాసేయడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇంకో సంగతి. బంధువుల మందుల షాపు నుంచి అల్ప్రజోలం అనే మత్తు కలిగించే మాత్ర తెచ్చుకుని వారంలో రెండు మూడు రాత్రులు వేసుకుంటున్నారు. అది షెడ్యూల్ హెచ్1 మందు. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడదు, అలవాటు పడితే మానడం కష్టం. ఆవిడ వాడకం ఇంకా ఆ స్థాయికి చేరలేదు. సైకియాట్రిస్టు పర్యవేక్షణలో ఆపించాం. ఏ రాత్రుళ్లు మాత్ర వేసుకుంటున్నారు, ఏ రాత్రుళ్లు వేసుకోవడం లేదు అని నేను అప్పుడే అడిగి ఉంటే నెల రోజులు కలిసొచ్చేవి. అడగలేదు.

నా మొదటి ప్రణాళిక, అది ఎందుకు చెడింది

దీర్ఘకాలిక నిద్రలేమికి మాత్రల కన్నా ముందు ఇవ్వాల్సిన చికిత్స సీబీటీ-ఐ, అంటే నిద్ర చుట్టూ ఉన్న అలవాట్లనూ ఆలోచనలనూ మార్చే మానసిక చికిత్స. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్ 2016లో పెద్దలందరికీ దీన్నే మొదటి చికిత్సగా సూచించింది. ఇందులో రెండు పనిముట్లు ముఖ్యం. ఒకటి 1972లో రిచర్డ్ బూట్జిన్ చెప్పినది: పక్క నిద్రకే ఉండాలి, నిద్ర రాకపోతే లేచి అవతలి గదిలోకి వెళ్లాలి, మళ్లీ కళ్లు మూతపడుతున్నప్పుడే పక్క ఎక్కాలి. రెండోది 1987లో ఆర్థర్ స్పీల్‌మన్ బృందం చెప్పినది: పక్క మీద గడిపే గంటలను నిజంగా పట్టే నిద్రకు దగ్గరగా కుదించాలి. వినడానికి క్రూరంగా ఉంటుంది. నిద్ర పట్టని మనిషిని ఇంకా తక్కువసేపు పడుకోమనడమేమిటని ప్రతి ఒక్కరూ అడుగుతారు. ఆకలేసినవాడికి అన్నం రుచించినట్టే, నిద్ర కొరత పెరిగే కొద్దీ పక్క ఎక్కగానే పట్టే నిద్ర గాఢంగా ఉంటుంది. అది కుదిరాక పదిహేనేసి నిమిషాలు పెంచుకుంటూ పోతాం.

రెండు వారాల నిద్ర డైరీలో సగటున ఎనిమిది గంటలు పక్క మీద, నిద్ర 4 గంటల 50 నిమిషాలు. అంటే 60 శాతం. 85 దాటితే మంచి నిద్ర అంటాం. పన్నెండున్నర నుంచి ఆరింటి దాకా, అయిదున్నర గంటల గడువు ఇచ్చాను. మొదటి వారం బాగా నడిచింది. ఆవిడ ముఖంలో కాస్త వెలుగు వచ్చింది, నాకు ధీమా వచ్చింది.

రెండో వారం ఆన్‌కాల్. ఉన్న అయిదున్నర గంటల్లో ఒక రాత్రి రెండుసార్లు, ఇంకో రాత్రి మూడుసార్లు యాప్ మోగింది. ఆవిడ క్రమశిక్షణ గల మనిషి. నేను చెప్పిన ఉదయం ఆరింటి గీత దాటి ఒక్క నిమిషం పడుకోలేదు. మూడో వారం సోమవారం ఉదయం సిగ్నల్ దగ్గర స్కూటీ మీద ఉండగానే కళ్లు మూతపడ్డాయి. వెనకవాళ్ల హారన్‌తో తేరుకున్నారు. ఏమీ కాలేదు. మధ్యాహ్నం ఫోన్ చేసి, "తప్పు నాదే మేడమ్, ఇంకొంచెం గట్టిగ ఉండాల్సింది" అన్నారు.

ఆ తప్పు ఆవిడది ఏమాత్రం కాదు. పగటి మగత స్కోరు 13 ఉన్న మనిషికి, బండి నడిపే మనిషికి, రాత్రి నిద్ర తన చేతిలో లేని మనిషికి నేను గడువు కుదించాను. ఆన్‌కాల్ గురించి మొదటి రోజే విన్నాను. దాన్ని ఉద్యోగ వివరాల్లో రాసుకున్నాను తప్ప జబ్బు వివరాల్లో రాసుకోలేదు. ఆ రోజే గడువు తీసేశాను, బండి తాళాలు రెండు వారాల పాటు భర్తకు ఇమ్మన్నాను.

డైరీలో కనపడకుండా ఉన్నది

మళ్లీ మొదటి నుంచి డైరీ చదివాను. ఈసారి ఆన్‌కాల్ రాత్రుళ్లకు ఎర్ర గీత, మాత్ర వేసుకున్న రాత్రుళ్లకు నీలం గీత గీసుకుంటూ. ఒక్క రాత్రిలో కూడా రెండు గీతలూ కలవలేదు. "ఆన్‌కాల్ ఉంటే మాత్ర ఎట్ల వేస్కుంట మేడమ్? మోత వినపడకపోతే?" అన్నారు. అంటే ఆవిడకు నిద్ర రావడం లేదన్నది సగం నిజమే. ఆన్‌కాల్ వారం ఆవిడే నిద్రను రానివ్వడం లేదు. అది ముగిశాక, మూడు రోజులైనా శరీరం ఆ సంగతి నమ్మడం లేదు. నమ్మించడానికి మాత్ర.

1988లో స్వీడన్ పరిశోధకులు టోర్స్‌వాల్, ఓకెర్‌స్టెట్ ఓడల ఇంజినీర్ల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. రాత్రి అలారం మోగితే ఇంజిన్ గదికి పరుగెత్తాల్సినవాళ్లు. తలకు ఎలక్ట్రోడ్లు పెట్టి నిద్ర నమోదు చేస్తే, డ్యూటీ రాత్రుళ్లు గాఢనిద్ర తగ్గింది, గుండె వేగం పెరిగింది. ముఖ్యమైన సంగతేమిటంటే, ఒక్క అలారమూ మోగకముందే నిద్ర పలచబడింది. మోగవచ్చన్న ఎదురుచూపు ఒక్కటే చాలింది. నడి సముద్రంలో వాళ్లు, నిజాంపేట రోడ్డు మీది అపార్ట్‌మెంటులో ఈవిడ. మెదడుకు తేడా లేదు.

నిద్రను నడిపేవి రెండని 1982లో అలెగ్జాండర్ బోర్బేలీ చెప్పిన నమూనాను మేం ఇప్పటికీ వాడతాం. మెలకువగా ఉన్నంతసేపూ పేరుకునే నిద్ర ఒత్తిడి ఒకటి, వెలుతురుకు కట్టుబడి తిరిగే శరీరపు గడియారం ఇంకొకటి. ఆవిడలో రెండూ బాగానే ఉన్నాయి. వాటి పైన ఒక కాపలా ఉంది. కాపలా వంతు దిగకుండా ఎంత ఒత్తిడి పెంచినా, ఎన్ని లైట్లు ఆర్పినా లాభం లేదు.

అప్పుడు ఒక పని చెప్పాను. ఆన్‌కాల్ లేని వారంలో ఒక బుధవారం, సాయంత్రం ఆరు నుంచి పది దాకా, ఎవరైనా ఏదైనా తనను పిలిచిన ప్రతిసారీ కాగితం మీద గీత గీయమన్నాను. ఫోన్ కావచ్చు, మనిషి కావచ్చు.

నాలుగు గంటల్లో 43 గీతలు. అందులో ఆఫీసువి మూడు.

పిల్లలవి 17. కిందికి పార్సిల్ వచ్చిందని, పనమ్మాయి వచ్చిందని, గ్యాస్ వచ్చిందని, ఓటీపీ చెప్పమని గేటు యాప్ అడిగినవి 8. స్కూలు వాట్సాప్ గ్రూపువి 6. భర్త 5, అత్తమ్మ 4. కాగితం నా ముందు పెట్టి ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను కూడా మాట్లాడలేదు. ఆఫీసు ఆన్‌కాల్ మూడు వారాలకోసారి. ఇంటి ఆన్‌కాల్‌కు వారం అంటూ లేదు. ఇల్లు, బడి, బ్యాంకు, గ్యాసు, అపార్ట్‌మెంటు సొసైటీ అన్నిటిలో నమోదైన నంబరు ఒక్కటే. ఆవిడది.

ఇక్కడ ఫోన్ గురించి ఒక మాట. పిల్లలు పడుకున్నాక పదకొండున్నర నుంచి పన్నెండున్నర దాకా ఆవిడ రీల్స్ చూస్తారు. వచ్చిన మొదటి రోజే దొంగతనం ఒప్పుకుంటున్నట్టు చెప్పారు. "ఆ గంట ఒక్కటే నాది మేడమ్." పడుకునే ముందు ఫోన్ పక్కన పెట్టండి అన్న సలహా అందరికీ నోటికొచ్చు. నేనూ ఏళ్లపాటు ఇచ్చాను. రోజు మొత్తంలో ఎవరూ పిలవని గంట అదొక్కటే అయినప్పుడు, దాన్ని లాక్కుని చికిత్స అనడం అన్యాయం. ముందు ఆ గంటను వేరే చోట ఇవ్వాలి. ఇచ్చాక రీల్స్ గురించి నేను అడగాల్సిన అవసరం రాలేదు.

మోటారు వంతు

మలుపు వచ్చింది ఆవిడ చెప్పిన ఒక పాత సంగతి వల్ల. చిన్నప్పుడు ఇంట్లో ఎవరైనా రాత్రి లేచేవారా అని అడిగాను. ఇది నేను అందరినీ అడుగుతాను, నిద్రలేమి కుటుంబాల్లో నడుస్తుంది కనక. ఆవిడ నవ్వారు. "మా బాపు లేస్తుండె. కరెంటు కోసం."

తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1 నుంచి వచ్చింది. అంతకు ముందు బోరు మోటార్లకు కరెంటు గంటల లెక్కన, విడతలుగా. వాళ్ల ఊళ్లో ఒక వారం పగలు ఎక్కువ వస్తే ఒక వారం రాత్రి ఎక్కువ వచ్చేదట. ఏ జాముకు వస్తుందో తెలియక రైతులు పొలం గట్టున మంచం వేసుకునేవారు. ఆటో స్టార్టర్లు పెట్టుకుంటే అవి కాలిపోయేవి, లేదా నీళ్లు లేని బోరులో మోటారు తిరిగి తిరిగి పాడయ్యేది. చీకట్లో పాములు, తడి చేతులతో స్టార్టరు దగ్గర షాకులు. ఆ రోజులు చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

"రోజూ వెళ్లేవారా?" అన్నాను.

"లే మేడమ్. పక్కపక్క పొలాలు మూడు. మా బాపు, ఇద్దరు బాబాయిలు వంతులు వేస్కున్నరు. ఎవరి వంతుంటే వాళ్లు పోయి మూడు మోటార్లు ఎయ్యాలె. మిగిలినోళ్లు ఇంట్ల పండుకుంటరు. బాపు వంతు లేని రాత్రి ఎంత సప్పుడైనా లేవకపోతుండె."

చెబుతూ చెబుతూ ఆగిపోయారు. ఇద్దరం ఒకేసారి ఆ కాగితం వైపు చూశాం.

వంతు లేని రాత్రి ఆయన నిద్రపోయింది పని లేక కాదు. ఆ రాత్రీ కరెంటు వస్తుంది, మోటారు వేయాలి. వేసే మనిషి ఫలానా అని తెలుసు కాబట్టి నిద్రపోయాడు. మనం తీరిక అంటాం. ఆ మాటలోనే పని తీరాలన్న షరతు ఉంది. ఈవిడ పని తీరేది కాదు. సర్వర్లు ఆగవు, పిల్లలు పెరగడం ఆగదు. పని తీరడం కోసం ఎదురుచూసే విశ్రాంతి ఈవిడకు రాదు. అప్పగింత జరిగితేనే వస్తుంది. అప్పగించడమంటే సాయం అడగడం కూడా కాదు. సాయం అడిగితే గుర్తు చేసే బాధ్యత మళ్లీ అడిగినవాళ్లదే అవుతుంది.

ఇంట్లో అప్పగింతలు

ఆగస్టు చివర్లో భర్తనూ అత్తమ్మనూ తీసుకురమ్మన్నాను. నిజం చెప్పాలంటే, పెద్దావిడ వల్ల ఇబ్బంది వస్తుందేమోనని నేను ముందే ఒక అభిప్రాయంతో కూర్చున్నాను. భర్త మంచివాడు. "చెబితే చేస్తాను కదా మేడమ్" అని మూడుసార్లు అన్నారు. ఆ వాక్యంలోనే చిక్కంతా ఉందని ఎలా చెప్పాలా అని నేను ఆలోచిస్తుంటే, పెద్దావిడ అందుకున్నారు.

"నేను మధ్యాహ్నం పండుకుంటే ఇంట్ల టీవీ సప్పుడు తక్కువ జేస్తరు. పిల్లలు గూడ నా అర్రలకు రారు. నలభై ఏండ్లయింది, నా నిద్ర ఎవ్వలు చెడగొట్టలే. గీ పిల్లను ఎందుకు లేపుతరు మరి?"

భర్త తలదించుకున్నారు. కోడలు తన కళ్లు తుడుచుకున్నారు. నేను చెప్పాలనుకున్నవన్నీ పక్కన పెట్టేశాను. మన ఇళ్లలో నడుం వాల్చడం అనే ఆచారం ఒకటి ఉంది, దానికి గడియారం ఉంది, కాపలా ఉంది, ఇంటిల్లిపాదీ దాన్ని పాటిస్తారు. అది పెద్దవాళ్లకే దక్కింది, అంతే. కొత్తగా కనిపెట్టాల్సినది ఏమీ లేదు, ఉన్న మర్యాదను కోడలికి కూడా ఇవ్వాలి.

ఆ గంటలో జరిగిన అప్పగింతలు చాలా చిన్నవి. బడిలో, గ్యాసు ఏజెన్సీలో, గేటు యాప్‌లో నంబరు మార్చి భర్తది పెట్టారు. స్కూలు గ్రూపు నుంచి ఆవిడ బయటికి వచ్చేశారు. ఈ ఒక్కదానికి రెండు వారాలు పట్టింది. మంచి తల్లి కాననుకుంటారేమోనన్న భయం. భర్తకు ఒకసారి ప్రాజెక్టు వర్కు సంగతి తప్పిపోయి, పిల్లాడు చార్టు లేకుండా బడికి వెళ్లాడు. ఆ రోజు ఆవిడ నాకు మెసేజ్ పెట్టారు, మళ్లీ గ్రూపులో చేరనా అని. వద్దన్నాను. అప్పగించిన పని ఒకటి రెండుసార్లు చెడుతుంది. అప్పుడు వెనక్కి లాక్కుంటే అప్పగించనట్టే.

పొద్దున పిల్లల్ని కిందికి దింపి ఆటో ఎక్కించడం, సాయంత్రం తీసుకురావడం అత్తమ్మ తీసుకున్నారు. ఆరున్నర నుంచి ఏడు దాకా కోడలు ఒక్కరే డాబా మీద కూర్చోవాలి. ఫోన్ కింద వంటింట్లో ఉంటుంది. మొదటి వారం రోజుకు ఇరవై నిమిషాలు కూడా కూర్చోలేకపోయారు. ఏమీ చేయకుండా ఉంటే ఏదో మర్చిపోయినట్టు గుండె దడ. విశ్రాంతి మొదట్లో సుఖంగా ఉండదని నేను ముందే చెప్పి ఉంచాను. నాలుగో వారానికి అక్కడున్న మల్లె కుండీలకు నీళ్లు పోయడం మొదలైంది.

ఆఫీసు అప్పగింత

మేనేజరుకు లేఖ రాసిస్తానన్నాను. ఆవిడ వద్దన్నారు. టీమ్‌ను సగానికి కోసిన చోట, నిద్ర పట్టడం లేదని కాగితం పెట్టే ధైర్యం ఎవరికుంటుంది? ఫ్రాన్సులో పని వేళల తర్వాత ఫోన్‌కు జవాబివ్వకుండా ఉండే హక్కును 2017 నుంచి చట్టంలో చేర్చారు. ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి అమలైంది. మన లోక్‌సభలో 2018లో సుప్రియా సూలే ఇలాంటిదే ఒక ప్రైవేటు బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. అది వచ్చే దాకా ఒక్కో టీమ్ తన వంతులు తానే వేసుకోవాలి.

ఆవిడ తన భాషలో వెళ్లారు. ఆగస్టు నెల రాత్రి అలారాలన్నీ బయటికి తీసి లెక్కపెట్టారు. మొత్తం 38. అందులో 29 ఎవరూ ముట్టుకోకుండానే పది నిమిషాల్లో సర్దుకున్నవి. మనిషిని లేపాల్సినవి తొమ్మిదే. ఇంకో లెక్క కూడా తీశారు. క్లయింటు దగ్గరే పనిచేసే వాళ్ల ఆన్‌సైట్ సహోద్యోగి అమెరికాలోని డాలస్‌లో ఉంటారు, ఖమ్మం అబ్బాయి. మనకు రాత్రి పదకొండు అయితే అక్కడ వేసవిలో మధ్యాహ్నం పన్నెండున్నర, చలికాలంలో పదకొండున్నర. తెల్లవారి ఆరు అంటే అక్కడ సాయంత్రం. మెలకువగా కుర్చీలో ఉన్న మనిషిని వదిలేసి నిద్రలో ఉన్న మనిషిని లేపుతున్నాం అని ఒక్క స్లైడ్ మీద పెట్టారు. రాత్రి పదకొండు నుంచి ఆరు దాకా మొదటి అలారం ఆయనకు, ఆయన రాత్రంతా మొదటి అలారం ఇక్కడివాళ్లకు.

మేనేజర్ మొదట కుదరదన్నారు. యాక్సెస్ ఇబ్బందులు, క్లయింటు ఒప్పందం. ఆరు వారాలు పట్టింది. అక్టోబరులో నెల రోజుల ప్రయోగంగా మొదలైంది. వాటంతటవే సర్దుకునే అలారాలు పది నిమిషాలు ఆగి మోగేలా మార్చారు.

రెండోసారి చికిత్స

సెప్టెంబరు నుంచి గడువు మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ఆరు గంటలు, 11:45 నుంచి 5:45. ఆన్‌కాల్ రాత్రుళ్లను లెక్కలోంచి తీసేశాను. ఆ వారం ఎటువంటి నియమమూ లేదు, వీలైనంత పడుకోవడమే. మధ్యాహ్నం రెండింటికి ఇరవై నిమిషాల కునుకు కూడా అనుమతించాను. సీబీటీ-ఐ చేసేవాళ్లు పగటి నిద్ర వద్దంటారు. పుస్తకం ప్రకారం నేను చేసింది పొరపాటే. రోడ్డు మీద ప్రాణాల సంగతి పుస్తకం కన్నా ముందు వస్తుంది. మూడు దాటాక టీ మానిపించాను. కెఫీన్ సగం కరగడానికే అయిదు గంటల దాకా పడుతుంది.

ఇంకొకటి, అక్టోబరు నుంచి, ఆన్‌కాల్ వారంలో: రాత్రి పదకొండుకు డాలస్ సహోద్యోగికి ఒక మెసేజ్. "వంతు మీది." ఆయన నుంచి జవాబు వచ్చాకే పక్క ఎక్కాలి. యాప్‌లో షెడ్యూలు ఆ పని ఎటూ చేస్తుంది. అయినా ఒక మనిషి "సరే" అనడం అవసరమని నాకనిపించింది, ఆవిడకూ అనిపించింది. మాత్ర చేయాల్సిన పని ఆ "సరే" చేసింది.

నవంబరు చివరికి పక్క మీద 7 గంటలు, నిద్ర 6 గంటల 10 నిమిషాలు, 88 శాతం. తీవ్రత స్కోరు 20 నుంచి 9కి, పగటి మగత 13 నుంచి 7కి. ఫెరిటిన్ పెరిగింది, కాళ్ల గుంజుడు దాదాపు పోయింది. ఈ మెరుగుదలలో ఐరన్ వాటా ఎంత, వంతుల వాటా ఎంత అని ఒక్క కేసులో విడదీయడం సాధ్యం కాదు.

అన్నీ సర్దుకోలేదు. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు వెనక్కి తిప్పగానే సాయంత్రం ఏడున్నర మీటింగు ఎనిమిదిన్నరకు జరిగింది, పిల్లల్ని నిద్రపుచ్చే వేళకు సరిగ్గా అడ్డం పడింది. ఆ నెలంతా చిన్నవాడు ఆవిడ ఒళ్లోనే, కెమెరా ఆపిన కాల్‌లో నిద్రపోయాడు. సంక్రాంతికి అత్తమ్మ ఊరెళ్లి మూడు వారాలు ఉండిపోతే నిద్రలేమి తీవ్రత స్కోరు మళ్లీ పెరిగి 13కు ఎగబాకింది. ఆటో, పాలు, లంచ్ బాక్సులు ఒక్కొక్కటే ఆవిడ దగ్గరకే తిరిగి వచ్చేశాయి. ఎవరూ లాక్కురమ్మనలేదు, వచ్చేశాయి. భర్త ఈసారి తనంతట తానే ఫ్రిజ్ మీద వారం పట్టీ అంటించారట, ఎవరి రోజు ఏదో రాసి. ఫిబ్రవరిలో స్కోరు 10.

వచ్చే నెల రెండో శనివారం ఫాలోఅప్ ఉంది. అత్తమ్మను కూడా తీసుకొస్తానన్నారు. రోజూ రెండు పూటలా మూడంతస్తులు దిగి ఎక్కడంతో పెద్దావిడ మోకాళ్లు వాచాయట, లిఫ్టు పాడై నెల దాటిందట. నొప్పితో మధ్యాహ్నం నడుం వాల్చినా కన్ను మూతపడటం లేదట. పిల్లలు ఎక్కి దిగేటప్పుడు కింద ఎవరుండాలో ఆ రోజు మాట్లాడాలి. పెద్దావిడకు కూడా ఒక నిద్ర డైరీ పంపించాను. కోడలే రాసిపెడుతోంది.